అత్తయ్య చేసిన గ్రీటింగు కార్డు

“గ్రీటింగు కార్డులా? ఇప్పుడెవరు కొంటున్నారు మేడం! అందరూ ఫోన్లో స్టేటస్ పెట్టేసుకుంటున్నారుగా!”

దాచేపల్లి సెంటర్లో ఓ ఫ్యాన్సీ షాపబ్బాయి నవ్వుతూ అన్న మాట ఇది. అది 2025 సెప్టెంబరు 4 సాయంత్రం. తెల్లారితే టీచర్స్ డే. ఏడో తరగతి చదివే మా అమ్మాయికి వాళ్ళ తెలుగు టీచరు చేతిలో ఒక కార్డు పెట్టాలని కోరిక. రోడ్డు మీద లారీలను తప్పించుకుంటూ మూడు షాపులు తిరిగాం. ఒకాయన మాత్రం అటక మీంచి పాత కట్ట ఒకటి దించి దుమ్ము దులిపాడు. గులాబీలన్నీ రంగు వెలిసిపోయి ఉన్నాయి. పైన అచ్చయిన మాట ‘హ్యాపీ న్యూ ఇయర్ 2009’!

వట్టి చేతులతో ఇంటికొస్తుంటే మా అమ్మాయి మొహం చూడాలి. “దిగులెందుకే, మనమే చేద్దాం” అన్నాను. అనడమైతే అనేశాను గానీ, నేను కథలు రాసుకునేదాన్నే తప్ప బొమ్మలు వేసేదాన్ని కాదు. ఆవు బొమ్మ వేస్తే కింద ‘ఆవు’ అని రాయాలి. బొమ్మలు రానివాళ్ళు కూడా చక్కటి కార్డు చెయ్యొచ్చని ఆ రాత్రి తెలిసింది. అక్షరాలు రానివాళ్ళు కూడా చెయ్యొచ్చని ఆ తరవాత తెలిసింది. ఆ రెండో సంగతి చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

తీరిక లేక పుట్టిన కార్డు

నా చిన్నప్పుడు, అంటే 1997, 98 ప్రాంతంలో, డిసెంబరు వచ్చిందంటే షాపుల ముందు తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో కార్డులు వేలాడదీసేవారు. సినిమా హీరోలు, పూలు, పసిపిల్లలు, తెరవగానే పాట పాడే కార్డులు, చేతికంతా మెరుపు అంటించే కార్డులు! కవరు అంటించకుండా మూత లోపలికి తోసి, ‘బుక్ పోస్టు’ అని రాసి పంపితే తక్కువ స్టాంపుతో వెళ్ళిపోయేది. వచ్చినవన్నీ దారానికి గుచ్చి గోడకి తోరణంలా కట్టుకునేవాళ్ళం. ఎవరింట్లో తోరణం పొడుగ్గా ఉంటే వాళ్ళది గొప్ప. మీకూ గుర్తుండే ఉంటుంది.

అసలు క్రిస్మస్ గ్రీటింగు కార్డు అచ్చులోకి వచ్చిందే తీరిక లేకపోవడం వల్ల. 1843లో లండన్‌లో హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి ఉండేవాడు. క్రిస్మస్‌కి తనకొచ్చే ఉత్తరాలన్నిటికీ పేరుపేరునా జవాబు రాసే సమయం లేక, జాన్ కాల్‌కాట్ హార్స్లీ అనే చిత్రకారుడితో బొమ్మ గీయించి వెయ్యి కార్డులు అచ్చు వేయించాడు. గీతలు మాత్రమే అచ్చు. రంగులు అద్దింది చేత్తోనే! అంటే ఆ మొదటి కార్డు కూడా సగం చేతిపనే అన్నమాట.

ఇంకో ముచ్చట. 1949లో యునిసెఫ్ వాళ్ళ మొట్టమొదటి కార్డు మీద ఉన్నది ఏ పేరున్న చిత్రకారుడి బొమ్మా కాదు. చెకోస్లొవేకియాలో జిత్కా సంకోవా అనే ఏడేళ్ళ పాప వేసిన బొమ్మ. యుద్ధం అయిపోయిన రోజులు. కాగితం దొరక్క ఆ పాప గాజు మీద బొమ్మ వేసి పంపిందట. మన ఇంట్లో కాగితానికి కరువు లేదు. ఇంక సాకేముంది?

మన చేతికి కొత్త కాదు

స్టాంపులు, స్టెన్సిళ్ళు అనగానే ఏదో పెద్ద ఊళ్ళో క్లాసులకి వెళ్ళి నేర్చుకునే విద్య అనుకోకండి. సంక్రాంతికి తోపుడుబండి మీద అమ్మే చిల్లుల ముగ్గు పళ్ళెం స్టెన్సిల్ కాక మరేమిటి? జాకెట్టు మీద కుట్టుపనికి ట్రేసింగు పేపరు మీద సూదితో చిల్లులు పొడిచి, కిరసనాయిల్లో నీలిమందు కలిపి గుడ్డతో అద్దడం మన అమ్మలందరికీ తెలుసు. అదీ స్టెన్సిలే. మా పల్నాట్లో మిరప టిక్కీల మీద వ్యాపారులు మార్కా వేస్తారు. అక్షరాలు కోసిన రేకు పెట్టి, పైన రంగు కొడితే గోతం మీద పేరు పడుతుంది. దాచేపల్లి పిల్లలు చదువుకంటే ముందు ఆ మార్కాలే చూస్తారు.

ఇక స్టాంపుల సంగతంటారా, కృష్ణా జిల్లా పెడన వెళ్ళి చూడండి. కలంకారీ బట్టల మీద చెక్క అచ్చులతో పూలూ లతలూ అద్దుతారు. గీతకి ఒక అచ్చు, లోపల నింపే ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు. మన కార్డుకీ అదే సూత్రం. కాకపోతే టేకుచెక్క బదులు బంగాళాదుంప.

కాగితం, మడత

పల్చటి నోటుబుక్కు కాగితం పనికిరాదు. రంగు తగలగానే ముడతలు పడుతుంది. పుస్తకాల షాపులో డ్రాయింగు షీటు గానీ, ఐవరీ షీటు గానీ అడగండి. దళసరి 200 నుంచి 250 జీఎస్ఎం వరకు ఉంటే బాగుంటుంది. అదీ ఎందుకనుకుంటే ఇంట్లో పేరుకుపోయిన పాత శుభలేఖలున్నాయిగా! వాటి వెనక తెల్లగా ఉన్న వైపు వాడుకోవచ్చు.

ఏ4 కాగితాన్ని సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ మడిస్తే చేతిలో ఇమిడే కార్డు వస్తుంది. దళసరి కాగితాన్ని ఊరికే మడిస్తే అంచు పగులుతుంది. స్కేలు పెట్టి, సిరా అయిపోయిన రీఫిల్‌తో ఒక గీత గట్టిగా లాగి, ఆ గీత మీద మడవండి. షాపులో కొన్నదానిలా వస్తుంది.

వంటింటి స్టాంపులు

కాస్త ముదురు బెండకాయని అడ్డంగా కోస్తే అయిదు రేకుల పువ్వు. బంగాళాదుంపని సగానికి కోసి, చాకు మొనతో చుట్టూ చెక్కితే ఆకు, చేప, చందమామ, మీ ఇష్టం. కోయగానే రంగులో ముంచొద్దు. కాయలోని నీరు రంగుని పల్చబరుస్తుంది. కోసిన ముఖాన్ని పాతగుడ్డ మీద అద్ది, పది నిమిషాలు ఆరనివ్వండి. అగ్గిపెట్టె చుట్టూ ఊలు దారం చుట్టి అద్దితే గీతల డిజైను వస్తుంది.

రంగు కోసం పోస్టర్ కలర్‌ని దోసెల పిండంత చిక్కగా కలిపి, తడిపి పిండిన స్పాంజి మీద పుయ్యాలి. స్టాంపుని ఆ స్పాంజి మీద అద్ది కాగితం మీద నొక్కాలి. నేరుగా రంగులో ముంచితే మరకలే మిగులుతాయి. ప్రతి స్టాంపునీ ముందు పాత పేపరు మీద ఒకసారి వేసి చూసుకోండి.

పెన్సిల్ చెరిపే రబ్బరు మీద బ్లేడుతో చెక్కితే చాలాకాలం మన్నే స్టాంపు తయారవుతుంది. అక్షరం చెక్కేటప్పుడు మాత్రం జాగ్రత్త, తిరగేసి చెక్కాలి. దానికో చిట్కా. ట్రేసింగు పేపరు మీద మెత్తటి పెన్సిల్‌తో అక్షరం మామూలుగానే రాసి, రాసినవైపు రబ్బరు మీద బోర్లించి రుద్దండి. అక్షరం దానంతటదే తిరగబడి అంటుకుంటుంది. దాని వెంబడే చెక్కుకుంటూ పోవడమే. బ్లేడు పని మాత్రం పిల్లలకివ్వకండి.

బొటనవేలి దగ్గర ఆగిపోయింది

మొదటి కార్డు బెండకాయ పువ్వులతో అయిపోయింది. టీచరుగారు దాన్ని క్లాసులో అందరికీ చూపించారట. ఇంకేం, మా అమ్మాయికి ఊపొచ్చింది. ఆదివారాలు మా వసారా అంతా రంగులే. మా అత్తయ్య మంచం మీద కూర్చుని చూస్తుండేవారు. ఒకరోజు బెండకాయ అందుకుని ఆవిడా నాలుగు పూలు అద్దారు. వరస తప్పలేదు, ఎడం తప్పలేదు. యాభై ఏళ్ళుగా ముగ్గుచుక్కలు పెట్టిన చెయ్యి కదా!

మా అమ్మాయికి వేలిముద్రలతో బొమ్మలు చెయ్యాలని ఆలోచన వచ్చింది. వేలిముద్ర వేసి, మార్కర్‌తో కాళ్ళూ తోకా తగిలిస్తే కోడిపిల్ల. పొడుగ్గా వేసి తొడిమ పెడితే మిరపకాయ. “నాయనమ్మా, నీ బొటనవేలు ఇవ్వు” అంటూ స్టాంపు ప్యాడ్ ముందుకు జరిపింది.

అత్తయ్య చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకున్నారు.

“ఆ ప్యాడు తియ్యి. ఈ వేలికి సిరా పూసుకుని పూసుకుని విసుగెత్తింది. ఏం రాసుందో తెలవకుండానే ఎన్నిటి మీద వేశానో!”

ఆవిడ చదువుకోలేదు. బ్యాంకులో వేలిముద్ర, పొలం కాగితాల్లో వేలిముద్ర. ఈమధ్య ఆ ముద్ర కూడా సరిగా పడటం లేదు. పత్తి తీసి, మిరపకాయలు కోసి వేలి మీది గీతలు అరిగిపోయాయి. పింఛనప్పుడు మిషను మీద నాలుగైదుసార్లు నొక్కితే గానీ ఒప్పుకోదు. “నా చెయ్యి నాదేనని ఆ మిషనుకి కూడా నమ్మకం లేదు” అంటుంటారు నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఏముందో నేనెప్పుడూ అడగలేదు.

ఆ సాయంత్రం పిల్ల పడుకున్నాక ఆవిడే చెప్పారు.

మా వదినని, అంటే మావారి అక్కని, 1996లో కర్ణాటకలో సింధనూరు దగ్గర ఒక క్యాంపుకి ఇచ్చారు. తుంగభద్ర కాలవల కింద భూములు కొనుక్కుని మనవైపు రైతులు వెళ్ళి స్థిరపడిన ఊళ్ళని క్యాంపులంటారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల. కొత్త చోటు, అత్తింట్లో మాట కటువు. ‘నాకిక్కడ ఉండబుద్ధి కావడంలేదమ్మా’ అని ఉత్తరం రాసింది. ఇంట్లో చదివి వినిపించారు. అత్తయ్య రాత్రంతా ఏడ్చి, పొద్దున్నే జవాబు చెప్పి రాయించారు. “కొన్నాళ్ళు వచ్చి నా దగ్గరుండు, రా” అని.

ఇంట్లోవాళ్ళు ఆ ముక్క రాయలేదు. ‘ఆడపిల్లవి, సర్దుకుపో. పండక్కి చూద్దాం’ అని రాశారు. కింద ‘ఇట్లు, మీ అమ్మ’ అని పెట్టారు.

ఆ సంగతి ఆవిడకి ఇరవై తొమ్మిదేళ్ళు తెలియదు. 2025 వేసవిలో వదిన వచ్చినప్పుడు ఏదో మాట మీద “నువ్వేగా సర్దుకుపొమ్మని రాసింది!” అంది. తెలిసింది అప్పుడే. “నేనట్టా చెప్పలేదే” అని నోటిదాకా వచ్చిందట. రాసినవాళ్ళు ఇప్పుడు లేరు. పోయినవాళ్ళ మీద చెప్పడం ఇష్టంలేక ఊరుకున్నారట.

“ఫోన్లో రోజూ మాట్లాడుకుంటాం అమ్మాయ్. తిన్నావా, వానపడిందా, అంతే. ఈ మాట ఫోన్లో ఎట్టా అనేది?” అన్నారు. కాసేపాగి అడిగారు. “ఈ కార్డుల మీద ‘రా’ అని వెయ్యాలంటే ఎట్టాగ?”

సున్నాలో ముక్క రాలిపోకుండా

ఇక్కడ స్టెన్సిల్ సంగతి చెప్పాలి. పాత ఎక్స్‌రే ఫిల్ము స్టెన్సిల్‌కి భలే పనికొస్తుంది. నీటికి నానదు, తుడిచి పదిసార్లు వాడుకోవచ్చు. మా బీరువా మీద అత్తయ్య మోకాళ్ళ ఎక్స్‌రేలు ఉండనే ఉన్నాయి. ఒకటి తీసి, పైన అక్షరం గీసి, కింద పాత అట్ట పెట్టి బ్లేడుతో కోశాను.

తీరా కోశాక చూస్తే ‘రా’లోని గుండ్రం మధ్య ముక్క ఊడిపోయింది! రంగు వేస్తే అక్షరం బదులు ముద్ద వస్తుంది. మన తెలుగుతో వచ్చే చిక్కే ఇది. అన్నీ గుండ్రాలే. సున్నా అయితే మరీ అన్యాయం, మధ్యముక్క పోతే మిగిలేది గుండ్రటి బొక్క. అందుకని లోపలి ముక్కకీ బయటి ఫిల్ముకీ మధ్య రెండుచోట్ల సన్నటి వంతెనలు కోయకుండా వదలాలి. రంగు ఆరాక ఆ ఖాళీలను మార్కర్‌తో కలిపేసుకోవచ్చు. మిరప టిక్కీల మార్కాలు చూడండి, అక్షరాలు అక్కడక్కడ తెగి ఉంటాయి. అందుకే.

రెండోసారి వంతెనలు వదిలి కోశాను. స్టెన్సిల్ కదలకుండా నాలుగు మూలలా టేపు అంటించాను. స్పాంజి ముక్కకి రంగు పట్టించి, ముందు పేపరు మీద అద్ది తడి తగ్గించుకోవాలి. తరవాత నిలువుగా టపటపా అద్దాలి. బ్రష్షుతో రుద్దితే రంగు అంచుల కిందికి పాకుతుంది. ఈ మాట చెప్పి స్పాంజి అత్తయ్య చేతికిచ్చాను.

ఫిల్ము ఎత్తగానే కాగితం మీద ఎర్రగా ‘రా’. ఆవిడ దాన్ని చాలాసేపు చూశారు. “ఇదేనా? ఇంతేనా ఆ అక్షరం?” అన్నారు.

చుట్టూ బెండకాయ పూలు ఆవిడే అద్దారు. కింద మూల ఖాళీ ఉండిపోయింది. స్టాంపు ప్యాడ్ కాదు, ఎర్రరంగు స్పాంజి మీద బొటనవేలు తనంతట తానే అద్ది కాగితం మీద నొక్కారు. మిషనుకి అందని ముద్ర పోస్టర్ కలర్‌కి అందింది. పక్కన ఇంకోటి, ఇంకోటి. మా అమ్మాయి పొద్దున్నే లేచి వాటికి ఆకుపచ్చ తొడిమలు గీసింది. మూడు మిరపకాయలు!

మార్కర్లు ఆఖరునే

తొడిమలు పొద్దున గీయడమే మంచిదైంది. రంగు పూర్తిగా ఆరకుండా మార్కర్ పెడితే మొన పాడవుతుంది, గీత అలుక్కుపోతుంది. స్కెచ్ పెన్నుల సిరా నీటితో చేసింది కాబట్టి తడి తగిలితే పాకుతుంది. చెరగని మార్కర్ అలా పాకదు గానీ కాగితం వెనక్కి దిగుతుంది. అందుకని కార్డు తెరిచి, కింద ఇంకో కాగితం వేసుకుని గియ్యండి. నల్ల కాగితం మీద తెల్ల జెల్ పెన్ను ముగ్గులా మెరుస్తుంది. బొమ్మ చుట్టూ సన్నటి నల్లగీత ఒక్కటి లాగితే ఎంత వంకరగా పడిన స్టాంపైనా సరిదిద్దినట్టుంటుంది.

మెరుపులూ, గుండీలూ అంటించి పోస్టులో పంపాలనుకుంటే ముందు తూకం చూసుకోండి. బరువు పెరిగితే స్టాంపూ పెరుగుతుంది. ఉబ్బెత్తుగా ఉంటే ముద్ర కొట్టేటప్పుడు చితికిపోతుంది కూడా. రిజిస్టర్డు పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు. ఎంతమందికి పంపినా పోగొట్టుకోకూడదనుకున్న ఒక్క కార్డుని అలా పంపడం మంచిది. మేమూ అలాగే పంపాం. అడ్రసు నేనే రాశాను. కార్డు లోపల మాత్రం ఒక్క అక్షరం కూడా రాయలేదు. రాయనా అంటే అత్తయ్య వద్దన్నారు. “నువ్వు మంచిదానివే. అయినా వద్దు” అన్నారు.

డెన్మార్క్‌లో 1624 నాటి తపాలా సంస్థ 2025 చివరితో ఉత్తరాల బట్వాడా మానేసిందని చదివాను. ఉత్తరాలు రాసేవాళ్ళు తగ్గిపోయారట. మన పోస్టుమాన్ ఇంకా వస్తున్నాడు. వచ్చినన్నాళ్ళూ వాడుకుందాం.

నాలుగైదు రోజులకి వదిన ఫోన్ చేసింది. నేనే ఎత్తాను.

“కార్డు వచ్చింది. ఆ అక్షరం ఎవరు వేశారు?”

“అత్తయ్యే వదినా. స్టెన్సిల్ కోసింది మాత్రం నేను.”

చాలాసేపు మాట లేదు. “అమ్మకివ్వు” అంది.

ఫోను స్పీకర్లో ఉంది. “ఇప్పుడా అమ్మా రమ్మనేది? నాకు మనవడు కూడా పుట్టాడు!” అంటూ వదిన నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే గొంతు మారిపోయింది.

“అప్పుడూ ఇదే చెప్పానమ్మా” అన్నారు అత్తయ్య. అంతే. పోయినవాళ్ళ పేరు ఎత్తలేదు. వదినా అడగలేదు. ఆమెకి అర్థమైందనే నేననుకుంటున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు చూశాను, కార్డు ఆమె హ్యాండ్‌బ్యాగులో, మడత నలగకుండా ప్లాస్టిక్ కవర్లో ఉంది.

హెన్రీ కోల్‌కి రాసే తీరిక లేదు. మా అత్తయ్యకి రాయడం రాదు. మనకి రెండూ ఉన్నాయి, అయినా వచ్చిన మెసేజినే ఇంకొకరికి తోసేస్తున్నాం. ఈసారి పండక్కి రెండు బెండకాయలు పక్కన పెట్టుకోండి. ఇంట్లో అమ్మమ్మో నాయనమ్మో ఉంటే స్పాంజి వాళ్ళ చేతికివ్వండి. ఎవరికి పంపుతావు, ఏం పంపుతావు అని ఒక్కసారి అడగండి. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు వెయ్యండి. మీ సొంత మాట ఒక్కటి కూడా కలపకండి.

అన్నట్టు, అత్తయ్య ఇప్పుడు రెండో అక్షరం కోయమంటున్నారు. ‘రా’ పక్కన పెట్టడానికి ‘మ్మా’ కావాలట!